బ్రేకు తొక్కితే ఆరిపోయే లైటు

మా కారు వెనక కుడివైపు లైటు బ్రేకు తొక్కినప్పుడు వెలగాల్సింది పోయి ఆరిపోతోందని నాకు చెప్పినవాడు ఒక లారీ డ్రైవరు. పోయిన డిసెంబరులో, మడికొండ దగ్గర, రాత్రి పదకొండు దాటాక.

జనగామలో బంధువుల పెళ్లి చూసుకుని హన్మకొండకు తిరిగి వస్తున్నాం. స్టేషన్ ఘన్‌పూర్ దాటినప్పటి నుంచి పొలాల మీది మంచు రోడ్డెక్కింది. పత్తి తీసే కాలం. వెనక ఒక్క ఎర్ర చుక్క కూడా లేకుండా వెళ్లే ట్రాక్టరు ట్రాలీలు ఆ రోజుల్లో మా వైపు ఏ రోడ్డు మీదైనా ఎదురవుతాయి. అందుకే నెమ్మదిగా, పదే పదే బ్రేకు మీద కాలు వేస్తూ నడిపాను. మడికొండలో టీ కొట్టు దగ్గర ఆపితే మా వెనకే ఒక లారీ ఆగింది. డ్రైవరు దిగి నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"సార్, ఈ బండి మీదేనా? ఘన్‌పూర్ నుంచి మీ వెనకే వస్తున్నాను. మీరు బ్రేకు వేసిన ప్రతిసారీ కుడివైపు లైటు పోతోంది. మంచులో ఎడమది ఒక్కటే కనబడితే మోటారు సైకిల్ అనుకున్నాను. కుడివైపు నుంచి దాటబోయి చివరి నిమిషంలో స్టీరింగు తిప్పుకున్నాను."

మాది 2012లో కొన్న చిన్న కారు. ఆ మోడల్‌లో తక్కువ ధరది కావడంతో వెనక అద్దంలో ఉండే మూడో బ్రేకు లైటు దానికి లేదు. కుడి లైటు పోతే ఎడమది ఒక్కటే మిగులుతుంది. మన దేశంలో ఎడమవైపున నడుస్తాం, కుడివైపు నుంచి దాటుతాం. దాటే మనిషి ఖాళీ ఉందనుకునే చోట కారు సగభాగం ఉంటుంది. ఆ సగంలో వెనక సీట్లో మా అమ్మాయి నిద్రపోతోంది.

వెంటనే పార్కింగు లైట్లు వేసి వెనక్కి వెళ్లి చూశాను. రెండూ నిండుగా, ఎర్రగా వెలుగుతున్నాయి. అతడు పొరబడ్డాడేమో అనిపించింది. అప్పటికే అతడు టీ తాగి బయలుదేరాడు. ఇల్లు చేరేవరకు మాత్రం బ్రేకు తొక్కడానికి భయపడుతూనే వచ్చాను.

మా బాపు ముప్పై ఏళ్లు లారీ నడిపాడు. కాజీపేట నుంచి బయలుదేరే ప్రతి సాయంత్రం తడిగుడ్డతో వెనక లైట్లు తుడిచి, క్లీనరును బ్రేకు తొక్కమని చెప్పి, లైటుకు జానెడు దూరంలో అరచెయ్యి పట్టి చూసేవాడు. అరచేతిలో ఎరుపు ఎంత చిక్కగా పడుతుందో చూసి తలూపేవాడు. చిన్నప్పుడు నాకది ఆటలా ఉండేది. పన్నెండేళ్లుగా కారు నడుపుతూ ఆ పని ఒక్కసారీ చేయలేదని ఆ రాత్రి గుర్తొచ్చింది. కారులో నడిపేవాడి కంట్లో ఎప్పుడూ పడనివి ఇవే. హెడ్‌లైటు పోతే రోడ్డు చెబుతుంది, హారన్ పోతే చెవి చెబుతుంది. వెనక లైటు పోయిన సంగతి వెనక వచ్చేవాడికే తెలుస్తుంది. అతడు ఆగి చెప్పాలని నియమం ఏమీ లేదు.

మరునాడు రాత్రి నయీంనగర్‌లోని మా ఇంటి ముందు, ఏడో తరగతి చదువుతున్న అమ్మాయిని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాను. ఇంజను ఆపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగి, చక్రాల కింద రెండు ఇటుకలు పెట్టాకే పిల్లను కూర్చోనిచ్చాను. ఎవరైనా చిన్నవాళ్లతో ఈ పని చేయించేటప్పుడు ఇటుకలు మరవకూడదు.

పార్కింగు లైట్లు వేసి ఉండగా "తొక్కు" అన్నాను. ఎడమది భగ్గున వెలిగింది. కుడిది మొత్తంగా ఆరిపోయింది. "వదులు" అంటే మళ్లీ మామూలుగా ఎర్రగా వచ్చింది. లారీ డ్రైవరు చెప్పింది అక్షరాలా నిజం. పార్కింగు లైట్లు ఆపేసి మళ్లీ తొక్కమన్నాను. ఈసారి ఎడమది బాగానే వెలిగింది, కుడిది గుడ్డి దీపంలా మినుకుమంది. లోపలి నుంచి పిల్ల అరిచింది: "నాన్నా, నేను బ్రేకు తొక్కితే మీటర్ల దగ్గర లైటు వస్తోంది!" పార్కింగు లైట్లు ఆపి ఉన్నప్పుడు డ్యాష్‌బోర్డులో వెలుగు రాకూడదు. ఆ మాటే తరువాత అసలు రోగం పట్టించింది, కానీ అప్పుడు దాని విలువ నాకు తెలియలేదు.

నేను పదో తరగతికి భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడిని. శ్రేణి సంధానం, సమాంతర సంధానం ఏటేటా బోర్డు మీద గీస్తాను. అయినా అందరిలాగే నేనూ ముందు బల్బునే అనుమానించాను.

బల్బు తీయడం కష్టమేమీ కాదు. డిక్కీ తెరిస్తే లైటు పక్కన రెండు స్క్రూలు కనిపిస్తాయి. వాటిని విప్పి, లైటును రెండు చేతులతో పట్టుకుని నేరుగా వెనక్కి లాగాలి. బయటి అంచున రెండు ప్లాస్టిక్ గుబ్బలు బాడీలోని రబ్బరు గూళ్లలో దిగి ఉంటాయి, పన్నెండేళ్ల దుమ్ముతో అవి బిగుసుకుపోయాయి. స్క్రూడ్రైవరు దూర్చి ఎత్తబోతే బాడీ రంగు లేస్తుంది, లేదా గుబ్బ విరుగుతుంది. నేను అరగంట సేపు కొద్దికొద్దిగా కదిపి లాగాను. లైటు బయటికి వచ్చాక వెనక ఉన్న హోల్డర్లను ఎడమకు పావు చుట్టు తిప్పితే ఊడి వస్తాయి. బల్బును లోపలికి నొక్కి తిప్పితే చేతిలోకి వస్తుంది.

ఈ బల్బు చేసే పని చాలామంది గమనించరు. ఒకే గాజులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. ఒకటి 5 వాట్లది, పార్కింగు లైటుగా రాత్రంతా వెలిగేది. రెండోది 21 వాట్లది, బ్రేకు తొక్కినప్పుడు వెలిగేది. నాలుగు రెట్లకు పైగా ఉన్న ఆ తేడాను చూసే, వెనకవాడు బండి వేగం తగ్గుతోందని గ్రహిస్తాడు. బల్బు మడమ మీద పి21/5డబ్ల్యు అని చిన్న అక్షరాలు ఉంటాయి. అడుగున రెండు సీసపు చుక్కలు, రెండు ఫిలమెంట్లకు రెండు దారులు. కరెంటు తిరిగి వెళ్లే దారి మాత్రం రెండింటికీ ఒక్కటే, బల్బు ఇత్తడి ఒళ్లు. దీన్ని గుర్తుపెట్టుకోండి, కథంతా దీని మీదే నడిచింది.

వెలుతురులో పట్టి చూస్తే రెండు ఫిలమెంట్లూ చెక్కుచెదరలేదు. గాజు లోపల మాత్రం నల్లటి పొర పట్టింది. ఫిలమెంటులోని టంగ్‌స్టన్ ఏళ్ల తరబడి ఆవిరై గాజుకు అంటుకోవడం వల్ల వచ్చే పొర అది. అలాంటి బల్బు తెగకపోయినా వెలుగు తగ్గిపోయి ఉంటుంది. ఎలాగూ మార్చాలి, రెండు వైపులా ఒకేసారి మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే రెండు కళ్లు రెండు రకాలుగా ఉన్నట్టుంటుంది.

స్పేర్ పార్టుల దుకాణంలో కుర్రాడు పాత బల్బు చూసి అలాంటిదే మరొకటి ఇచ్చాడు. కౌంటరు మీద రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. గాజు అంతే, ఇత్తడి ఒళ్లు అంతే. కానీ పక్కల ఉండే రెండు చిన్న మేకులు పాతదానికి ఒకటి పైన, ఒకటి కింద ఉన్నాయి. అతడు ఇచ్చినదానికి రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయి, అడుగున సీసపు చుక్క కూడా ఒక్కటే. అది ఒకే ఫిలమెంటు బల్బు. మేకులను ఎత్తు తప్పించి పెట్టడం వెనక ఉద్దేశమే ఇది: ఒక రకం బల్బు మరో రకం గూట్లో కూర్చోకూడదు, రెండు ఫిలమెంట్లది తిరగేసి కూర్చోకూడదు. బలవంతంగా తోస్తే పాత హోల్డరులో అది దూరనూ వచ్చు. అప్పుడు అడుగున ఉన్న ఒక్క పెద్ద చుక్క రెండు తీగలనూ కలిపేస్తుంది, పార్కింగు లైటు వేస్తే బ్రేకు లైట్లు వెలుగుతాయి. కుర్రాడు తప్పు ఒప్పుకుని సరైనవి తీసి ఇచ్చాడు. రెండు బల్బులకు కలిపి నూరు రూపాయల్లోపే అయింది.

అదే కుర్రాడు, "సార్, ఎల్ఈడీ వేసుకోండి, జీవితాంతం చూసుకునే పని లేదు" అని మరో డబ్బా తెరిచాడు. ఎల్ఈడీలో ఒక గొప్ప సంగతి ఉన్న మాట నిజం. ఫిలమెంటు వేడెక్కి పూర్తిగా వెలగడానికి సెకనులో అయిదో వంతు పడుతుంది. ఎల్ఈడీ మీట వేసిన క్షణంలోనే వెలుగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. సెకనులో అయిదో వంతు అంటే నాలుగు మీటర్ల పైమాటే, మా కారు పొడవుకన్నా ఎక్కువ. వెనకవాడికి అంత దూరం ముందుగా తెలియడం చిన్న విషయం కాదు. అయితే అది ఎల్ఈడీ కోసమే తయారైన లైటులో దక్కే లాభం. ఫిలమెంటు ఎక్కడుంటుందో లెక్కగట్టి మలిచిన పాత లైటులో ఎల్ఈడీ బల్బు పెడితే వెలుగు వెళ్లాల్సిన చోటికి వెళ్లదు. కుర్రాడు వెలిగించి చూపిన ఆ బల్బులో మామూలు వెలుగుకు, బ్రేకు వెలుగుకు తేడా నా కంటికే సరిగా తెలియలేదు. బ్రేకు వేస్తే టపటపా కొట్టుకునే రకం కూడా చూపాడు. రాత్రి ములుగు రోడ్డులో అలాంటి బండి వెనక నడిపినవారికి కళ్లు ఎంత అలిసిపోతాయో తెలుసు. వద్దన్నాను. లైటు మీద అంటించే నల్ల ఫిల్ము కూడా అక్కడే వేలాడుతోంది. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో 105వ నియమం ప్రకారం వెనక ఎర్ర లైటు 155 మీటర్ల దూరం నుంచి కనబడాలి. నంబరు ప్లేటు మీద తెల్ల వెలుగు పడి, అది 15 మీటర్ల నుంచి చదవడానికి వీలుగా ఉండాలి. సోకు కోసం ఎర్ర లైటును నల్లగా కప్పుకునేవారి మీద నాకు నిజంగానే కోపం వస్తుంది.

ఇంటికి వచ్చి కొత్త బల్బులు బిగించి, పిల్లను మళ్లీ బ్రేకు తొక్కమన్నాను. కుడి లైటు మళ్లీ ఆరిపోయింది.

బాపుకు తెలిసిన ఒక ఆటో ఎలక్ట్రీషియన్ వరంగల్ ఆటోనగర్‌లో ఉన్నాడు. ఆదివారం పొద్దున్నే వెళ్లాను. యాభై అయిదేళ్లుంటాయి. కారు దగ్గరికి వచ్చి ఏదీ విప్పలేదు. "సార్, లైట్లు ఆపి బ్రేకు తొక్కండి" అన్నాడు. తొక్కాను. "లైట్లు వేసి తొక్కండి." తొక్కాను. "ఇప్పుడు కుడి ఇండికేటరు వేయండి." వేశాను. కుడివైపు ఇండికేటరుతోపాటు ఎర్ర లైటు కూడా కొద్దికొద్దిగా అదురుతోందని అన్నాడు. చేతులు తుడుచుకుంటూ, "బల్బుల మీద డబ్బులు పెట్టకండి సార్. ఎర్త్ పోయింది" అన్నాడు.

లైటు విప్పి, హోల్డర్లకు వచ్చే తీగల గుత్తిలో నల్లది పట్టుకున్నాడు. రెండు కొసలా మొసలి నోటి క్లిప్పులున్న మూరెడు తీగ తీసి, ఒక క్లిప్పు నల్ల తీగ చేరే రేకుకు, మరొకటి డిక్కీ కొక్కెం దగ్గర రంగు లేని ఇనుముకు తగిలించాడు. "తొక్కండి." అద్దంలో వెనక గోడ మీద రెండు ఎర్రటి మచ్చలు సమానంగా పడ్డాయి. క్లిప్పు తీశాడు, కుడి మచ్చ మాయమైంది. పెట్టాడు, వచ్చింది. మూడుసార్లు చేసి చూపించాడు. ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్న నాకు అంతకన్నా మంచి ప్రయోగం ఎవరూ చూపలేదు.

కాగితం తీసుకుని అక్కడే స్టూలు మీద కూర్చుని బొమ్మ గీసుకున్నాను. అప్పుడు అంతా తేటపడింది. కారులో బ్యాటరీ రుణధ్రువం బాడీ ఇనుముకు కలిపి ఉంటుంది. బల్బు దాకా కరెంటు తీగలో వస్తుంది, తిరుగు ప్రయాణం నల్ల తీగ గుండా బాడీలోకి. ఎర్త్ అంటే ఈ తిరుగు దారే. ఆ నల్ల తీగ తెగితే కరెంటు ఆగిపోదు, మరో దారి వెతుక్కుంటుంది. పార్కింగు లైట్లు వేసినప్పుడు అది కుడి బల్బు 5 వాట్ల ఫిలమెంటులోకి వచ్చి, బయటికి పోలేక పక్కనున్న 21 వాట్ల ఫిలమెంటు గుండా బ్రేకు తీగలోకి వెనక్కి నడిచి, అవతలివైపు ఎడమ బల్బు గుండా బాడీకి చేరుతోంది. పెద్ద ఫిలమెంట్ల నిరోధం చిన్నదానితో పోలిస్తే చాలా తక్కువ కాబట్టి చిన్నది దాదాపు మామూలుగానే వెలుగుతుంది. నేను మడికొండలో చూసి మోసపోయింది అందుకే. బ్రేకు తొక్కగానే ఆ దొడ్డిదారిలోకి అవతలి నుంచి కూడా 12 వోల్టులు వచ్చి నిలబడతాయి. ఫిలమెంటుకు రెండు కొసలా ఒకే వోల్టేజి ఉంటే కరెంటు కదలదు, లైటు ఆరిపోతుంది. పార్కింగు లైట్లు ఆపి తొక్కితే కరెంటు ఎదురు దారి పట్టి, పార్కింగు తీగలోకి ఎక్కి డ్యాష్‌బోర్డు లైట్లను మినుకుమనిపిస్తుంది. మా అమ్మాయి అరిచి చెప్పింది అదే.

ఎలక్ట్రీషియన్‌కు నా బొమ్మ చూపిస్తే నవ్వి, "నాకు ఈ గీతలు రావు సార్. బ్రేకు తొక్కితే వేరే లైటు మారితే ఎర్త్ అని మా గురువు చెప్పాడు" అన్నాడు. అతని గురువు చెప్పిన ఆ ఒక్క వాక్యం ఎవరికైనా పనికొస్తుంది. ఒక లైటు వేస్తే సంబంధం లేని మరో లైటు వెలిగినా, ఆరినా, అదిరినా బల్బు కొనకముందు ఎర్త్ చూసుకోవాలి. ఇండికేటరు ఒకవైపు మామూలుకన్నా వేగంగా కొట్టుకోవడం వేరే సంగతి. అది ఎక్కువగా ఆ వైపు బల్బు పోయిందని చెప్పే గుర్తు.

ఎర్త్ ఎందుకు పోయిందో చూడాలని డిక్కీ పక్క అట్ట ఊడదీశాడు. నల్ల తీగ బాడీకి బిగించే బోల్టు చుట్టూ తుప్పు, తీగ కొసన రాగి పచ్చగా చిలుము పట్టి పొడిపొడిగా రాలుతోంది. ఆ పైన, లైటుకు బాడీకి మధ్య ఉండే స్పాంజి వాషరు ఎండి అప్పడంలా పెళుసైంది. అక్కడి నుంచి వాన నీరు ఏళ్ల తరబడి చుక్కచుక్కగా బోల్టు మీదికి కారింది. 2023 జులై చివరి వారంలో వరంగల్‌లో కురిసిన వాన ఎవరూ మరిచిపోలేదు. మా వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. ఆ వారమంతా కారు ఇంటి ముందు వానలోనే ఉంది. ఆ తరువాత డిక్కీలో ముక్కిపోయిన వాసన వస్తే స్టెప్నీ కింద గుడ్డ వేసి ఊరుకున్నాను. ఆ వాసన వచ్చిన రోజే లైటు విప్పి చూసి ఉండాల్సింది.

మరమ్మతు చేయడానికి గంట పట్టింది. బోల్టు తీసి, కింది ఇనుము మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్దాడు. తీగను చిలుము లేని చోటికి కత్తిరించి కొత్త రింగు టెర్మినల్ నొక్కి, పైన సీసం అతికాడు. బోల్టు బిగించి, గాలి, తడి తగలకుండా గ్రీజు పూశాడు. హోల్డరులో ఒక రేకు వేడికి నల్లబడి వదులైంది, దాన్నీ మార్చాడు. మొత్తం 350 రూపాయలు తీసుకున్నాడు. లారీ డ్రైవరు చెప్పింది వినిపిస్తే, "అతనికి పుణ్యం ఉంటుంది సార్. చాలామంది హారన్ కొట్టి తిట్టుకుంటూ పోతారు" అన్నాడు.

లైటు తిరిగి బిగించబోతూ కింది మూలన వెంట్రుకంత పగులు చూపించాడు. బడి ముందు ఏదో మోటారు సైకిల్ హ్యాండిల్ తగిలినట్టుంది. లోపల అడుగున నీటి చుక్కలు నిలిచి ఉన్నాయి. చలికాలం ఉదయం లైటు లోపల సన్నటి ఆవిరి పట్టడం, లైటు వేసిన కొంతసేపటికి పోవడం మామూలే. లైటుకు గాలి ఆడే రంధ్రాలు ఉంటాయి కాబట్టి భయపడనక్కర్లేదు. కానీ నీరు చుక్కలుగా నిలిచిందంటే ఎక్కడో చీలిక ఉన్నట్టే. పైగా మా ఎర్ర రంగు ఎండకు వెలిసి గులాబీ వైపు తిరిగింది. బంక పెట్టి ఆ పగులు మూయవచ్చు, కానీ వెలిసిన రంగుకు మందు లేదు. ఆ మంచు రాత్రి తరువాత అతుకులతో సరిపెట్టుకోవడానికి మనసు ఒప్పలేదు. రెండువైపులా లైట్లు మొత్తంగా మార్చాలని నిశ్చయించుకున్నాను.

ఇక్కడ మరో వారం పోయింది. ముందు డూప్లికేటు తెచ్చాను, ఒక్కొక్కటి 750 రూపాయలు. పెట్టి చూస్తే పై అంచున వేలిగోరు దూరేంత సందు మిగిలింది. ఎరుపు పల్చగా ఉండి లోపలి బల్బు తెల్లగా బయటికి కనిపిస్తోంది. బాపు పద్ధతిలో అరచెయ్యి పట్టి చూశాను. కొత్త లైటుది నారింజ రంగు, వెలిసిన పాతదానికే ఇంకా ఎరుపు ఎక్కువ. తిరిగి ఇచ్చేశాను. తరువాత కంపెనీవి తెప్పించాను, ఒక్కొక్కటి 1,900. జీతం మీద బతికే ఇంట్లో లైట్లకు నాలుగు వేలు ఎక్కువే అనిపించింది, దానికి తగ్గట్టు నెల ఖర్చు సర్దుకున్నాం. పరీక్ష మాత్రం ఎవరైనా దుకాణంలోనే చేసుకోవచ్చు: అంచులు మీ బండికి సరిపోతున్నాయా, ఎరుపు చిక్కగా ఉందా, స్పాంజి వాషరు కొత్తది తోడుగా వచ్చిందా. మూడోది లేకపోతే ఎంత మంచి లైటైనా మళ్లీ నీరు చేరుతుంది.

బిగించే పని నేనే చేశాను. ముందు బాడీ మీద వాషరు కూర్చునే చోట మట్టి, పాత స్పాంజి ముక్కలు గుడ్డతో పూర్తిగా తుడవాలి. గుబ్బలు రెండూ గూళ్లలో టక్కున పడ్డాయని చెవితో విన్నాకే స్క్రూలు వేయాలి. స్క్రూలను ఒకటి పూర్తిగా బిగించి రెండోది మొదలుపెట్టకుండా, రెండూ కొంచెం కొంచెం బిగించుకుంటూ పోవాలి. చేతి బలమంతా పెడితే కొత్త ప్లాస్టిక్ కూడా చిట్లుతుంది. తరువాత లైటు మీద రెండు బకెట్ల నీళ్లు నెమ్మదిగా పోసి, డిక్కీలో బోల్టు దగ్గర పాత వార్తాపత్రిక ముక్క ఉంచాను. మరునాడు కాగితం పొడిగా ఉంది.

ఆ పనిలోనే మిగతావన్నీ చూసుకున్నాను. నంబరు ప్లేటు మీది 5 వాట్ల బల్బు ఎన్నాళ్ల కింద పోయిందో తెలియదు. రివర్సు లైటు బాగుంది. ఫ్యూజుల డబ్బా మూత వెనక ఏ ఫ్యూజు దేనిదో బొమ్మ ఉంటుంది, ఎరుపుది 10 ఆంపియర్లు, నీలం రంగుది 15. పోయినచోట అదే రంగుది వేయాలి. మళ్లీ మళ్లీ పోతుంటే ఎక్కడో తీగ ఒరుసుకుంటోందని అర్థం. పెద్ద ఫ్యూజు వేస్తే తీగే కాలుతుంది. రెండువైపులా బ్రేకు లైట్లు ఒకేసారి పోతే బల్బులకన్నా ముందు ఈ ఫ్యూజును, పెడలు దగ్గరి స్విచ్చును చూడాలి. ఆ స్విచ్చును నొక్కి ఉంచే చిన్న రబ్బరు బిళ్ల పొడై రాలిపోతే, బండికి తాళం వేసి వెళ్లాక కూడా బ్రేకు లైట్లు వెలుగుతూనే ఉంటాయి. రెండు 21 వాట్ల బల్బులు అంటే మూడున్నర ఆంపియర్లు. చిన్న కార్లలో ఉండే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ పది గంటల్లో ఖాళీ అవుతుంది. మా బడిలో ఒక సహోద్యోగి బ్యాటరీ రెండుసార్లు మార్చాక ఈ రబ్బరు బిళ్ల సంగతి బయటపడింది.

ఇప్పుడు వారానికోసారి, ఆదివారం చీకటి పడ్డాక, కారును గోడ వైపు వెనక్కి పెట్టి చూస్తాను. తోడు ఎవరూ అవసరం లేదు. గోడకు రెండు అడుగుల దూరంలో ఆపి, పార్కింగు లైటు వేసి, ఆపి, మళ్లీ వేసి, ప్రతిసారీ బ్రేకు తొక్కితే గోడ మీది మచ్చలు అద్దంలో కనిపిస్తాయి. రెండూ సమానంగా పెరిగి సమానంగా తగ్గాలి. పార్కింగు లైట్లు వేసి ఉంచి బ్రేకు తొక్కడం ముఖ్యం, పగలు తొక్కి చూస్తే మా కారు రోగం అంత స్పష్టంగా దొరికేది కాదు. పార్కింగు లైట్లతోపాటు ఇండికేటరు కూడా వేసి చూస్తే మంచిది.

పాత కుడి లైటును, మూరెడు తీగను, ఒక పాత బ్యాటరీని బడికి తీసుకెళ్లాను. పదో తరగతి పిల్లలకు ఎర్త్ తీసి, పెట్టి చూపించాను. పిల్లల్లో సగం మంది ఇళ్లలో ట్రాక్టర్లున్నాయి. ఒక అమ్మాయి లేచి, "సార్, మా ట్రాలీకి అసలు లైట్లే లేవు" అంది. ఇంకో నలుగురు అదే మాట అన్నారు. వాళ్లతో ఏమీ అనలేకపోయాను. పరకాల దగ్గర మా చిన్నాయనకు కూడా ఒక ట్రాలీ ఉంది. మిర్చి బస్తాలు ఎనుమాముల మార్కెట్‌కు అందులోనే వస్తాయి, తెల్లవారుజామున, మంచులో.

సంక్రాంతి సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు ఎర్రటి రిఫ్లెక్టరు టేపు ఒక చుట్ట కొనుక్కెళ్లాను. ట్రాలీ వెనక తలుపును సబ్బునీళ్లతో కడిగి, ఆరనిచ్చి, రెండు మూలలా జానెడు ముక్కలు అంటించాం. తీగ అవసరం లేదు, బల్బు అవసరం లేదు. లైటుకు ఇది సాటి కాదని నాకు తెలుసు, పంట అమ్మాక తీగలు లాగిస్తానని చిన్నాయన మాటిచ్చాడు. చీకటి పడ్డాక కారును నూరడుగులు వెనక్కి తీసుకెళ్లి హెడ్‌లైట్లు వేశాను. పొలం గట్టు మీద రెండు మూలలూ ఒక్కసారిగా నిప్పు కణికల్లా ఎర్రబడ్డాయి. చిన్నాయన ట్రాలీ దగ్గర నుంచి నడుచుకుంటూ నా వైపు వచ్చి, తనే వెనక్కి తిరిగి కొంతసేపు చూశాడు.

"చుట్టలో ఇంకా మిగిలిందా బిడ్డా? పక్కింటి వాళ్ల ట్రాలీ కూడా పొద్దున్నే బయలుదేరుతుంది" అన్నాడు.

మిగిలింది. టార్చి పట్టుకుని ఇద్దరం అటు నడిచాం.